మూడు మశూచి టీకాలు: సూది ఒకరి చేతికి, ముప్పు ఇంటిల్లిపాదికీ

ముందు పేరు తేల్చుకోవాలి. సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఏదైనా క్లినిక్కులో "స్మాల్‌పాక్స్ టీకా ఉందా" అని అడిగితే "ఉంది" అన్నారనుకోండి, వాళ్ళు తీసేది దాదాపుగా ఆటలమ్మ టీకాయే. సీసా మీద వేరిసెల్లా అని ఉంటుంది. అది హెర్పిస్ జాతి వైరస్. మశూచిది పాక్స్ జాతి. ఒకదాని టీకా రెండోదాన్ని ఆపదు. రెండింటినీ మనం అమ్మవారనే అనడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. అసలు మశూచి టీకా మందుల షాపులో కొనుక్కునే సరుకు కాదు. ఎవరైనా అమ్ముతామంటే ఆ సీసా మీద పేరు చదవకుండా డబ్బు తీయకండి.

అమ్మకానికే లేని సరుకుకి సమీక్ష ఎందుకంటారా? మశూచి సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో. మన దేశంలో చివరిది 1975 మేలో. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బు అంతమైందని ప్రకటించింది. కానీ వైరస్ నిల్వలు అట్లాంటాలోనూ రష్యాలోని కోల్ట్సోవోలోనూ ఉన్నాయి. ఆ భయంతోనే అమెరికా 2002 డిసెంబరులో సైనికులకు ఈ టీకా మళ్ళీ మొదలుపెట్టింది. 2022లో మశూచి చుట్టమైన ఎంపాక్స్ (వెనకటి పేరు మంకీపాక్స్) ప్రబలాక గిరాకీ ఇంకా పెరిగింది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లలు అమెరికా సైన్యంలో ఉన్నారు, పాక్స్ వైరస్‌లతో పనిచేసే పరిశోధనశాలల్లో ఉన్నారు. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్ళి అదే ఇంట్లో, అదే తువ్వాళ్ళ మధ్య ఉంటారు. మూడు టీకాల్లో ఒకటి ఆ తువ్వాలు మీద నుంచి కూడా అంటుకోగలదు.

ఆ ఒకటీ ఏకామ్2000. 2007 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎంపాక్స్‌కి కూడా వాడొచ్చని 2024 ఆగస్టులో చేర్చారు. ఇందులో ఉన్నది బతికున్న వేక్సీనియా వైరస్. మశూచి వైరస్ కాదు, దాని చుట్టం. కాబట్టి టీకా వల్ల మశూచి రావడమన్నది జరగదు. వచ్చేదల్లా వేక్సీనియాతోనే. వెనకటి డ్రైవాక్స్ టీకాను దూడల చర్మం మీద పెంచేవాళ్ళు. దాని నుంచే ఒక క్లోనును ఎంచి, కోతి మూత్రపిండ కణాల్లో పెంచి దీన్ని చేశారు. తయారీ శుభ్రపడింది. లోపల ఉన్న వైరస్ గుణం మాత్రం పెద్దగా మారలేదు.

వేసే పద్ధతి మామూలు ఇంజెక్షన్ కాదు, తప్పులు జరిగేదీ ఇక్కడే. ఎండు పొడి సీసాలో దానితో వచ్చిన ద్రావకమే 0.3 మి.లీ. కలపాలి. దాంతో దాదాపు వంద మోతాదులవుతాయి. రెండు మొనలున్న సూదిని ఒక్కసారి ముంచితే మొనల మధ్య 0.0025 మి.లీ. బొట్టు నిలుస్తుంది. భుజం కింద చర్మం మీద 5 మి.మీ. వెడల్పులో 15 సార్లు చకచకా పొడవాలి. 15-20 సెకన్లలో ఒక చుక్క నెత్తురు కనిపించాలి. అది కనిపించకపోతే పోటు తేలికైందని లెక్క. చర్మానికి తగిలిన సూదిని మళ్ళీ సీసాలో ముంచితే సీసా అంతా పాడు. స్పిరిట్‌తో తుడిచి తడి ఆరకముందే పొడిస్తే స్పిరిట్ వైరస్‌ను చంపేస్తుంది, టీకా "ఎక్కదు". అలవాటుకొద్దీ దూది, స్పిరిట్ అందుకునే చేతులు మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఉంటాయి. మామూలు సిరంజితో కండలోకి ఎక్కించడం అసలే కూడదు.

పొడి సీసా మైనస్ 15 నుంచి మైనస్ 25 డిగ్రీల మధ్య ఉండాలి. కలిపాక గది వేడిమిలో ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఫ్రిజ్జులో 30 రోజులు. ఈ గది వేడిమి లెక్క మే నెల బెజవాడను చూసి రాసింది కాదని గుర్తుంచుకోవాలి. వెనకటి రోజుల్లోనూ మన వైపు టీకాల పని ఎక్కువగా చలికాలంలోనే పెట్టుకునేవాళ్ళు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చే టీకా రసం ఎండకు తట్టుకునేది కాదు.

ఎక్కిన టీకా నడక ఇలా ఉంటుంది. మూడు నాలుగు రోజులకు చిన్న పొక్కు, ఐదారు రోజులకు నీటి బుడగ, ఎనిమిది నుంచి పది రోజులకు చీము పొక్కు. ఆ పైన పక్కు కట్టి, రెండు మూడు వారాలకు రాలి, జన్మంతా ఉండే మచ్చ మిగులుతుంది. ఆరు నుంచి ఎనిమిదో రోజు లోపల చూపించుకుని ఎక్కిందో లేదో తేల్చుకోవాలి. మొదటిసారి వేయించుకున్నవాళ్ళలో 96 శాతానికి ఎక్కినట్టు పరీక్షల్లో తేలింది. ఎనిమిది పది రోజులప్పుడు జ్వరం, ఒళ్ళునొప్పులు, చంకలో బిళ్ళ కట్టడం మామూలే. పొక్కు చుట్టూ ఎరుపు ఏడున్నర సెంటీమీటర్లు దాటి చెయ్యి వాచినా చాలాసార్లు అది టీకా గట్టిగా ఎక్కడమే. ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దీన్ని చూడగానే చీము పట్టిందనుకుని యాంటీబయాటిక్ రాసెయ్యడం తరచు జరిగే పొరపాటు.

ఇక ఏకామ్2000 మీద ఉన్న అసలు ఫిర్యాదు గుండె. అనుమతికి ముందు జరిపిన పరీక్షల్లో, మొదటిసారి టీకా పొందిన ప్రతి వెయ్యి మందిలో 5.7 మందికి గుండె కండరానికో దాని పొరకో వాపు వచ్చింది. అంటే సుమారు 175 మందికి ఒకరు. పాత డ్రైవాక్స్‌తో పోల్చడానికి పెట్టిన జట్టులో ఇది వెయ్యికి 10.4. సైన్యంలో డ్రైవాక్స్ వేసిన తొలి నెలల లెక్క మాత్రం లక్షకు ఎనిమిది దగ్గరే ఉంది. ఇంత తేడా ఎందుకు? సైన్యంలో గుండెనొప్పి అని వచ్చినవాళ్ళనే లెక్కబెట్టారు. పరీక్షల్లో అందరికీ ఈసీజీలు, రక్తపరీక్షలు చేసి వెతికారు. వెతికితే ఎక్కువ దొరుకుతాయి. చాలామంది కోలుకుంటారన్నది నిజమే. అయినా లోకంలో లేని జబ్బు కోసం ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ మనిషికి ఈ ముప్పు పెట్టడం చిన్న విషయం కాదు. సగటున పదకొండో రోజు దగ్గర మొదలవుతుంది. టీకా వేసుకున్న నెలలోపు ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోకూడదు. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష, ఎకో మూడూ చేయించాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ, దగ్గరి బంధువుకి చిన్న వయసులో గుండెజబ్బు వీటిలో మూడు ఉన్నవాళ్ళకు, ఈ టీకా వద్దంటారు. ఈ కొలత పెడితే మన వైపు నలభై దాటినవాళ్ళలో ఎంతమంది మిగులుతారో మీకే తెలుసు.

మిగతా ప్రమాదాల లెక్కలు 1968లో అమెరికా పది రాష్ట్రాల్లో తీసినవి. ఇప్పటికీ వాటినే వాడతారు. మొదటిసారి వేయించుకున్న పది లక్షల మందిలో 529 మందికి టీకా పుండు ముట్టుకుని అదే చేత్తో కన్నో ముక్కో తాకి అక్కడా పొక్కులు తెచ్చుకోవడం. 242 మందికి ఒళ్ళంతా పొక్కులు. చూడ్డానికి భయంగా ఉన్నా, ఒంట్లో రోగనిరోధకశక్తి బాగుంటే ఇవి చాలావరకు వాటంతటవే మానతాయి. 39 మందికి ఎగ్జిమా వేక్సినేటమ్. 12 మందికి మెదడువాపు. ఒకరిద్దరికి పుండు మానకుండా పెరుగుతూనే పోవడం. చావులు పది లక్షలకు ఒకటి రెండు. అంకెలుగా చూస్తే చిన్నవే. కానీ 1968లో ఎయిడ్స్ ఇంకా వెలుగులోకి రాలేదు, కిడ్నీ మార్పిళ్ళు అరుదు, కీళ్ళవాతానికి రోగనిరోధకశక్తిని తగ్గించే మందులు ఇంత విరివిగా లేవు. ఆ లెక్కలు ఇవాళ్టి జనానికి అచ్చంగా సరిపోతాయని నమ్మడం కష్టం.

వీటిలో రెండింటిని గుర్తుపట్టడం తెలిసి ఉండాలి. ఎగ్జిమా వేక్సినేటమ్ ఎగ్జిమా ఉన్నవాళ్ళకే కాదు, చిన్నప్పుడెప్పుడో ఉండి ఇప్పుడు చర్మం నున్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. ఎగ్జిమా చర్మంలో పైపొర అడ్డుగోడ బలహీనం. వైరస్ దాని మీద గడ్డి మీద నిప్పులా పాకుతుంది. గుంటపడ్డ పొక్కులు గుత్తులుగా లేచి, జ్వరం, ఒంట్లో నీరు పోవడం, కాలిన గాయాల రోగిలా అయిపోవడం. రెండోది మానని పుండు. ఇక్కడ మోసం చేసేది నొప్పి, ఎరుపు లేకపోవడం. మూడో వారం వచ్చినా పుండు పెద్దదవుతూ, చుట్టూ వాపు లేకుండా, నొప్పి లేకుండా ఉంటే మంచి సూచన కాదు. వైరస్‌తో పోరాడే శక్తి ఒంట్లో లేదనడానికి అది గుర్తు. 2009లో అమెరికాలో ఒక యువ సైనికుడికి టీకా వేశాకే రక్త క్యాన్సర్ ఉందని తెలిసింది. పుండు సరిగ్గా ఇలాగే పెరిగింది.

ఇంటి సంగతికొద్దాం. మూడు టీకాల్లో ఏకామ్2000కు అన్నిటికన్నా తక్కువ మార్కులు పడేది ఇక్కడే. పక్కు రాలిపడేదాకా ఆ పుండులో బతికున్న వైరస్ ఉంటుంది. 2007లో అమెరికాలో ఒక సైనికుడికి, ఏకామ్2000కు అనుమతి రాకముందు, బతికున్న వేక్సీనియాయే ఉన్న పాత టీకా వేశారు. ఇండియానా రాష్ట్రంలోని ఇంట్లో, ఎగ్జిమా ఉన్న రెండేళ్ళు దాటిన కొడుక్కి అంటింది. అప్పటికి ప్రయోగదశలోనే ఉన్న మందు కూడా ఇచ్చి పిల్లాణ్ణి బతికించారు. తల్లికీ సోకింది. అందుకే "నాకేం ఎగ్జిమా లేదు" అంటే సరిపోదు. ఇంట్లో ఎగ్జిమా ఉన్నవాళ్ళు, గర్భిణి, ఏడాది నిండని పాప, కీమో తీసుకుంటున్నవాళ్ళు, మార్పిడి ఆపరేషను అయినవాళ్ళు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడేవాళ్ళు, వీళ్ళలో ఎవరున్నా అత్యవసరం కానప్పుడు ఆ ఇంటి మనిషికి ఈ టీకా వేయకూడదు. గర్భిణికి వేస్తే అరుదుగా కడుపులోని బిడ్డకే సోకుతుంది. అలాంటి కేసులు వైద్యచరిత్ర మొత్తంలో యాభైకి అటూ ఇటూ. కోడలి పురుడికని అత్తగారు ప్రయాణం కడుతున్నారంటే, కొడుక్కి టీకా తేదీ ఎప్పుడో టికెట్ కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

అప్పటికే వేసేసి ఉంటే చేయాల్సినవి. పుండు మీద పొడి గాజుగుడ్డ, దాన్ని కప్పుతూ నిండు చేతుల చొక్కా. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టీ నేరుగా పుండు మీద వేస్తే చెమటకు చర్మం నాని ఊడుతుంది. కోస్తా ఉక్కపోతలో ఇది తప్పక జరిగేదే. ఒకటి నుంచి మూడు రోజులకోసారి, తడిస్తే వెంటనే మార్చాలి. తీసిన గుడ్డను జిప్ కవరులో వేసి కాస్త బ్లీచింగ్ ద్రావణం పోసి పారేయాలి. పక్కు రాలినా అంతే. గీకడం, దాచుకోవడం వద్దు. చొక్కా, తువ్వాలు, దుప్పటి విడిగా వేణ్ణీళ్ళు, డిటర్జెంటుతో ఉతకాలి. కట్టు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఈత వద్దు. కాంటాక్ట్ లెన్సులు పెట్టేవాళ్ళకు ఇంకా జాగ్రత్త కావాలి. ముప్పై రోజులు రక్తదానం చేయకూడదు. ఆ నెలలో టీబీ చర్మపరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేదని చూపొచ్చు. ఒంటికి నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించే అలవాటున్న ఇళ్ళలో ఆ చేతిని మూడు వారాలు వదిలేయమని పెద్దవాళ్ళకు విడమరిచి చెప్పాలి. టీకా పుండు మీద పసుపు రాసే ఆలోచనకూ అదే జవాబు. రాసిన వేళ్ళకే అంటుతుంది.

రెండోది జినియోస్. యూరప్‌లో ఇమ్వానెక్స్ పేరుతో 2013లో, అమెరికాలో 2019 సెప్టెంబరులో వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. ఇందులోనూ వేక్సీనియాయే. అయితే జర్మనీలో కోడిపిండ కణాల్లో ఐదు వందల సార్లకు పైగా పెంచగా పెంచగా, మనిషి కణాల్లో సంతానం కనే శక్తి పోయింది దానికి. కణంలోకి వెళ్తుంది, రోగనిరోధకశక్తిని లేపుతుంది, అక్కడితో ఆగిపోతుంది. పుండు లేదు, పక్కు లేదు, పక్కవాళ్ళకు అంటడం లేదు. ఎగ్జిమా ఉన్నా, హెచ్‌ఐవీ ఉన్నా వేయొచ్చు. రోగనిరోధకశక్తి బాగా తగ్గినవాళ్ళకు ఫలితం కొంత తగ్గొచ్చు.

చర్మం కింద 0.5 మి.లీ., 28 రోజులకు రెండోది. పూర్తి రక్షణ రెండో మోతాదు తర్వాత రెండు వారాలకు. రెండోది ఆలస్యమైతే వీలైనంత త్వరగా వేస్తే చాలు, మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదు. 2022 కొరతలో చర్మం పొరల్లోనే 0.1 మి.లీ. వేసే పద్ధతికి అమెరికా వీలిచ్చింది. దానితో మచ్చ, దురద ఎక్కువ కాలం ఉంటాయి. కీలాయిడ్ (గాయం మానిన చోట ఉబ్బెత్తుగా పెరిగే మచ్చ) లేచే చర్మమైతే ఆ దారి వద్దు. మైనస్ 25 నుంచి మైనస్ 15 మధ్య నిల్వ, కరిగించాక 2-8 డిగ్రీల్లో నాలుగు వారాలు, మళ్ళీ గడ్డకట్టించకూడదు. కరెంటు పోయి కరిగి, వచ్చాక మళ్ళీ గడ్డకట్టిన సీసా పైకి చూస్తే ఏమీ తెలియదు. ఫ్రీజరులో ఉష్ణోగ్రత రాసుకునే యంత్రం ఉందా లేదా అన్నదే దీని నాణ్యతకు అసలు పరీక్ష.

లోపాలు లేకపోలేదు. సూది చోట నొప్పి 85 శాతం మందికి, ఎరుపు 61 శాతానికి, తలనొప్పి 35 శాతానికి. గుండెకు సంబంధించి గమనించదగ్గ మార్పులు 1.3 శాతం, ఉత్తుత్తి సూది వేసినవాళ్ళలో 0.2. వీటిలో ఎక్కువ భాగం బాధేమీ లేకుండా రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరగడమే. కోడి మాంసకృత్తులు, జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాడలుంటాయి కాబట్టి వాటితో తీవ్రమైన అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. ఇంకో ఇబ్బంది: ఎక్కిందో లేదో చేతి మీద చూసి తెలుసుకోలేం. ఏకామ్2000లో పుండే రశీదు. ఇందులో కార్డే రశీదు, పోగొట్టుకోవద్దు.

మూడోది జపాన్ వాళ్ళ ఎల్‌సీ16ఎం8. 1975లోనే అక్కడ అనుమతి వచ్చింది, దాదాపు యాభై వేల మంది పిల్లలకు వేశారు. 2024 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వాడకపు జాబితాలో చేర్చింది. ఒక్క మోతాదే, రెండు మొనల సూదితోనే. వైరస్‌ను మెత్తబరిచారు గానీ అది ఒంట్లో పెరుగుతుంది. అందుకని గర్భిణులకు, రోగనిరోధకశక్తి తగ్గినవాళ్ళకు పనికిరాదు. పొడిచే చేతికి తర్ఫీదు కావాలి. మంచి సరుకే, కానీ మన పిల్లలకు ఎదురయ్యే అవకాశం జపాన్‌లో ఉంటే తప్ప తక్కువ.

మార్కులంటే జినియోస్‌కు ఐదింట నాలుగున్నర, జపాన్ టీకాకు మూడున్నర, ఏకామ్2000కు రెండు. మశూచి నిజంగా తిరిగొస్తే మాత్రం ఈ చివరి అంకె చెరిపేయాలి. ప్రతి పదిమందిలో ముగ్గుర్ని తీసుకుపోయిన జబ్బు ముందు ఒక్క పోటుతో పనయ్యే టీకాకు విలువ వేరు. సోకిన మూడు నాలుగు రోజుల్లోపు వేసినా జబ్బు తీవ్రత తగ్గుతుంది.

ప్రమాదం ముదిరితే వాడే మందులు మన షాపుల్లో ఆశించకండి. వేక్సీనియా ఇమ్యూనోగ్లోబులిన్ (టీకా వేసుకున్నవాళ్ళ రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఒంటి బరువు కిలోకు 6,000 యూనిట్ల లెక్కన సిరలోకి ఎక్కిస్తారు. అమెరికాలో అది ప్రభుత్వ నిల్వల నుంచే వస్తుంది. మెదడువాపుకు అది పనిచేయదు. కంటి నల్లగుడ్డు మీద పొక్కు ఉంటే ఆచితూచి ఇవ్వాలి. పాక్స్ వైరస్‌ల మీద పనిచేసే టెకోవిరిమాట్ మాత్రలు 2018లో మశూచికి అనుమతి పొందాయి. పెద్దవాళ్ళకు 600 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, పద్నాలుగు రోజులు, కొవ్వున్న భోజనం తిన్నాకే. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా అందదు. కాబట్టి టీకా వేయించుకున్న మనిషి మూడు వారాలు నిండకుండా, పక్కు రాలకుండా గన్నవరంలో విమానం దిగకపోవడం మేలు. దిగితే, పొక్కులతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తేదీతో సహా టీకా సంగతి మొదటి మాటగా చెప్పాలి. లేకపోతే ఎంపాక్స్ అనుమానంతో వేరే గదిలో పెడతారు. వాళ్ళ తప్పేమీ ఉండదు, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నలభై ఐదు దాటినవాళ్ళు "మాకు చిన్నప్పుడే వేశారు, మచ్చ ఉంది" అంటారు. పెద్ద బిళ్ళలా ఉండి చర్మం గుంటపడి ఉంటే అదే. 1980 తర్వాత పుట్టినవాళ్ళ భుజం మీద ఉన్న చిన్న మచ్చ బీసీజీది, టీబీ టీకా. పాత మచ్చ ఉన్నవాళ్ళకు ఏకామ్2000 ప్రమాదాలు తక్కువే. ఆ పరీక్షల్లో గుండెవాపు వచ్చినవాళ్ళంతా మొదటిసారి వేయించుకున్నవాళ్ళే. కానీ చిన్నప్పటి టీకా ఇప్పటికీ పూర్తిగా కాపాడుతుందన్న ధీమా పనికిరాదు. ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకు టీకాను, వైరస్‌ను బట్టి రెండేళ్ళకో మూడేళ్ళకో పదేళ్ళకో బూస్టరు వేస్తున్నది అందుకే.

డాక్టర్లకు ఇంకొక్క మాట. వేక్సీనియా మన దగ్గరకు విమానంలోనే రానక్కర్లేదు. గేదెల పొదుగు మీద పొక్కులు తెచ్చే వైరస్ దాని రకమే. పాలు పితికేవాళ్ళ వేళ్ళకు అంటుకుంటుంది. ఆ వైరస్ మీద మన దేశంలో జరిగిన పరిశోధనల్లో తరచు కనిపించే ఒక నమూనా పేరు విజ్ 96. 1996లో విజయవాడ గేదెల నుంచి తీసింది కాబట్టి ఆ పేరు. వేలి మీద గుంటపడ్డ పొక్కుతో ఎవరైనా వస్తే, ఇంట్లో ఎవరైనా ఈమధ్య అమెరికాలో టీకా వేయించుకున్నారా అని ఒక ప్రశ్న, ఇంట్లో పాడి ఉందా, గేదె పొదుగు చూశారా అని ఇంకో ప్రశ్న. పొక్కు నీటిని పీసీఆర్‌కి పంపేటప్పుడు ఆ రెండు జవాబులూ చీటీ మీద రాసి పంపాలి.